వెనక సీటు మనిషి

వరంగల్‌లో ఒక మోటారు సైకిళ్ళ షోరూంలో నా ఉద్యోగ జీవితమంతా గడిచిపోయింది. మొదట వెనక షెడ్డులో బండ్లు బాగుచేస్తూ పానాలు పట్టాను. తర్వాత చొక్కా టక్ చేసుకుని ముందు హాల్లోకి వచ్చి బండ్లు అమ్మాను. చివరి కొన్నేళ్ళు అమ్మిన బండిని కొన్నవాళ్ళ చేతికి అప్పగించే పని చేశాను. రిటైరయ్యాక, "ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నాలుగు మాటలు రాసిపెట్టు సారయ్యా" అని తెలిసినవాళ్ళు అడిగారు. రాస్తున్నాను గానీ, ఉత్సాహం కలిగించే మాటల కోసం చూసేవాళ్ళకు ఇందులో పెద్దగా ఏమీ దొరకదు. మనిషికి సరిపోయే బండి ఏదో చూడగానే చెప్పగలను. ఆ విద్యతో కాపాడవలసిన ఒక్క మనిషిని కాపాడలేకపోయాను.

ఆ ఒక్క మనిషి పేరు కొమురమ్మ. నర్సంపేట దగ్గరి పల్లె నుంచి వారానికి రెండుసార్లు డయాలసిస్ కోసం వరంగల్ దవాఖానకు రావలసిన ఆవిడ. ఆమె కోసమే అని చెప్పి కొన్న బండి మా షోరూం నుంచే వెళ్ళింది. ఆమె సంగతి చెప్పాలంటే ముందు నా పని ఎలాంటిదో చెప్పాలి.

ఖాదర్ ఉస్తాద్ బడి

నేను షెడ్డులో చేరినప్పుడు పెద్ద మెకానిక్ ఖాదర్ ఉస్తాద్. ఎవరైనా పాత బండి ఇచ్చి కొత్తది తీసుకుంటామని వస్తే మిగతావాళ్ళు ఇంజను చప్పుడు వినేవాళ్ళు, పొగ రంగు చూసేవాళ్ళు. ఉస్తాద్ నేరుగా వెళ్ళి బండి వెనక ఎడమ పక్కన గొంతుక్కూర్చునేవాడు. చీర కట్టుకున్నవాళ్ళు ఒకవైపు తిరిగి కూర్చునేది ఆ పక్కకే కదా. చీర చక్రంలో పడకుండా అక్కడ సారీ గార్డు ఉంటుంది, దాని కింద పాదం ఆనించుకునే ఇనుప పట్టీ ఉంటుంది. ఉస్తాద్ ఆ పట్టీని బొటనవేలితో తడిమి చూసేవాడు.

"మనిషి నోటితోని ఏమన్న చెప్తడు సారయ్యా. గీ పట్టీ సూడు. రంగు పోయి తెల్లగైందంటె ఇంట్ల ఆడోళ్ళు ఎక్కి తిరుగుతాండ్రన్నట్టు. గసొంటి ఇంటికి గసొంటి బండే ఇయ్యాలె" అనేవాడు.

నేను హాల్లోకి మారిన రోజున కూడా ఆయన చెప్పింది ఒక్కటే. "కొనేటోణ్ణి కూసోవెట్టుడు అందరికీ వస్తది. ఎనుక కూసునేటోళ్ళను కూసోవెట్టి సూడు. గప్పుడు బేరం మాట్లాడు." బండ్ల గురించి నేను తర్వాత ఎన్నో శిక్షణలకు వెళ్ళాను, తెరల మీద బొమ్మలు చూపించారు, టీ బిస్కెట్లు పెట్టారు. ఈ మాట మాత్రం ఎక్కడా వినలేదు.

బండి ఎలా చూసుకోవాలి

కాబట్టి నాకు తెలిసింది ఇక్కడే చెప్పేస్తాను. కొనడానికి వచ్చినవాడిని రోజూ వేసుకునే చెప్పులతోనే బండి మీద కూర్చోమనండి. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. మునివేళ్ళ మీద నిలబడేవాడు ఎర్ర సిగ్నల్ దగ్గర, ఇసుక ఉన్న మలుపులో, గేదె అడ్డం వచ్చినప్పుడు పడిపోతాడు. తర్వాత దిగి, ఒంటరిగా బండిని వెనక్కి నెట్టమనండి. ఎంత మైలేజీ ఇస్తుంది, ఎంత స్పీడు పోతుంది అని అందరూ అడుగుతారు. ఇంటి వాకిట్లో నుంచి దాన్ని వెనక్కి తొయ్యడం నాకు చేతనవుతుందా అని ఎవరూ అడగరు.

మట్టెవాడలో ఒక కిరాణా వ్యాపారి ఉండేవాడు. ఆయన దుకాణం, ఇల్లు ఒకే గల్లీలో. ఎదురుగా సైకిల్ వస్తే ఎవరో ఒకరు అరుగెక్కి నిలబడాల్సినంత ఇరుకు. ఆయనకు పొడవాటి, బరువైన బండి మీద మనసు పడింది. నేను వద్దన్నాను. "ఏందన్నా, నా ఇజ్జత్‌కు తగ్గ బండి వద్దా?" అని నా మీదే కోప్పడ్డాడు. తీసుకెళ్ళాడు. గల్లీలో అది మలుపు తిరగదని రెండో రోజే తెలిసింది. మెయిన్ రోడ్డు మీద బావమరిది ఇంటి ముందు దాన్ని నిలబెట్టి, చేతిలో హెల్మెట్‌తో నడుచుకుంటూ ఇంటికి వెళ్ళేవాడు. గల్లీలో జనం చాలాకాలం నవ్వుకున్నారు, నేనూ నవ్వాను. ఆయన పోగొట్టుకున్నది కాస్త పరువే కాబట్టి నవ్వగలిగాం.

ఇంకా ఏమి చూడాలంటే, ఆ బండికి రోజూ ఏమి తగిలిస్తారో అడగండి. పాల క్యాన్లా, మందు కొట్టే పంపా, స్కూలు బ్యాగులా? ఏ రోడ్డు మీద పోతారో అడగండి. చివరగా, వెనక ఎవరు కూర్చుంటారో అడగండి. అడిగి ఊరుకోకండి, ఆ మనిషిని రప్పించండి.

పాలకుర్తి రోడ్డు

బండి అంటే నాకు ఇష్టం లేదని ఎవరైనా అనుకుంటారేమో. నా దగ్గర ఇప్పటికీ ఉన్నది తక్కువ ఎత్తు, పొడవు సీటు ఉన్న పాత బండి. పెళ్ళయిన కొత్తలో మేమిద్దరం దాని మీదే పాలకుర్తి గుట్టకు వెళ్ళేవాళ్ళం. నా భార్య ఒక పక్కకు కూర్చుని కుడి చెయ్యి నా భుజం మీద వేసేది. నేను తొందరపడితే వేళ్ళు బిగిసేవి, నెమ్మదిస్తే వదులయ్యేవి. అద్దం చూసినదానికంటే ఆ చేతిని బట్టే ఎక్కువ నడిపాను. వాన వెలిసిన తర్వాత వరి పొలాల మధ్య నుంచి ఇంజను తనకు నచ్చిన వేగంలో పోతుంటే ఇద్దరికీ మాటలు కూడా అవసరమయ్యేవి కావు. ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను. బండి నచ్చడమంటే అదే. నడిపేవాడికి ఒక్కడికే నచ్చితే అది సగం నచ్చినట్టు.

సేటు మాట

మా షోరూం యజమాని సేటుది హనుమకొండ వ్యాపారుల కుటుంబం. చెడ్డవాడు కాదు. నా కూతురి పెళ్ళికి అడగకుండానే సాయం చేశాడు. కానీ దుకాణం దుకాణమే. ఒక రోజు ఒక జంట వచ్చింది. భర్త ఎత్తు సీటు బండి మీద చెయ్యి వేశాడు. నేను భార్యను పిలిచి వెనక కూర్చోమన్నాను. ఆమె ఎక్కి, జారి, దిగి, "నేనైతే గిది ఎక్క" అనేసింది. ఇద్దరూ అక్కడే వాదులాడుకుని ఏమీ కొనకుండా వెళ్ళిపోయారు.

సేటు నన్ను లోపలికి పిలిచాడు. "సారయ్యా, నువ్వు బండ్లమ్మనీకి ఉన్నవా, పంచాయతి పెట్టనీకి ఉన్నవా?"

"కొన్నంక ఇంట్ల పంచాయతి అయ్యేకంటె ఇక్కడ అయితేనే నయం కద సేటూ."

"ఇంట్ల అయితె నాకేంది? ఇక్కడ అయితె నా దుకాన్ల అయితది."

ఆ నెలలోనే నన్ను అమ్మకాల నుంచి తీసి డెలివరీకి వేశాడు. అమ్మకాల్లోకి తళతళలాడే ఫోన్లు పట్టుకున్న కుర్రవాళ్ళు వచ్చారు. వాళ్ళు చాలా చురుకైనవాళ్ళు. బండి మీద కూర్చున్న కుర్రాడిని ఫోటో తీసి, అప్పటికప్పుడే వాడి ఫోన్‌కు పంపేవాళ్ళు. ఆ ఫోటో చూసుకున్నాక ఎవరి చెవికీ ఏ మాటా ఎక్కేది కాదు. ఆ ఫోటోలో వెనక సీటు ఎప్పుడూ ఖాళీనే.

గార్డుల గుట్ట

డెలివరీలో నా పని తాళం ఇవ్వడం, మీటలు చూపించడం. మన దగ్గర కొత్త బండికి పూజ ఇంటి ఆడవాళ్ళ చేతే చేయిస్తారు. బండి చూడటానికి, బేరమాడటానికి మగవాళ్ళు వస్తారు. తీసుకుపోయే రోజున మాత్రం తల్లినో భార్యనో వెంట తెస్తారు. వాళ్ళు కొబ్బరికాయ, నిమ్మకాయల సంచి పట్టుకుని బయట కుర్చీల్లో కూర్చుంటారు. బండిని బయటికి తోశాక పిలుస్తారు. బొట్లు పెట్టి, దండ వేసి, హారతి ఇచ్చి పక్కకు జరుగుతారు. ఆ బండి మీద ఏళ్ళ తరబడి వెనక కూర్చోవలసిన మనిషి దాన్ని మొదటిసారి చూసేది ఆ రోజునే. అప్పటికి అన్నీ అయిపోయి ఉంటాయి. ఈ పద్ధతిని తప్పు పట్టినవాళ్ళు నాకు ఒక్కరూ కనబడలేదు.

ఇంకొకటి. రూలు ప్రకారం ప్రతి బండికీ సారీ గార్డు బిగించి ఇవ్వాలి. మేము బిగించేవాళ్ళం. కుర్రవాళ్ళు తాళం తీసుకోకముందే, "అన్నా, గీ జాలీ తీసెయ్యి, బండి షేపు ఖరాబైతాంది" అనేవాళ్ళు. విప్పేవాళ్ళం. విప్పినవి షెడ్డు మూలలో గుట్టగా పెరిగేవి, అప్పుడప్పుడు పాత ఇనుము వాళ్ళు వచ్చి ఎత్తుకుపోయేవాళ్ళు. వాటి కింద పట్టీలన్నీ కొత్త రంగుతో మెరుస్తూ ఉండేవి. ఖాదర్ ఉస్తాద్ అప్పటికి లేడు, అదొక్కటే మేలు.

కొమురమ్మ

కొమురమ్మ కొడుకు అనిల్. తండ్రి లేడు. నర్సంపేటలో కరెంటు పని చేసుకుంటాడు. తల్లికి కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ అయ్యాక ఆమెకు కళ్ళు తిరిగేవి. ఆ స్థితిలో బస్సులో నిలబడి నర్సంపేట దాకా, అక్కడి నుంచి ఆటోలో ఊరికి చేరేసరికి ప్రాణం పోయినంత పనయ్యేది. అందుకే బండి కొనాలనుకున్నారు. తాళం ఇస్తుంటే అనిల్ నాతో గర్వంగా చెప్పాడు: "గీ బండి మా అవ్వ కోసమే సార్. ఇగ ఆమెకు బస్సు ఫికర్ లేదు."

నేను బండి వైపు చూశాను. ఎత్తుగా లేచిన తోక, అరచేతి వెడల్పున చిన్న వెనక సీటు, అది కూడా ముందుకు వాలి ఉంది. గార్డు అప్పటికే విప్పించాడు.

కొమురమ్మను పిలిచారు. సన్నగా, పొట్టిగా ఉన్న మనిషి. బండికి బొట్లు పెట్టి, కొడుకు నుదుటన కూడా పెట్టింది. "ఎక్కవ్వా, ఫోటో దిగుదాం" అన్నాడు అనిల్. ఆమె సీటు మీద చెయ్యి వేసి చూసింది.

"నేనెక్కుడేంది బిడ్డా, గిది నా ఛాతి కాడికున్నది" అని నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నేను లోపలి నుంచి స్టూలు తెచ్చి వేశాను. దాని మీద నిలబడి ఎక్కింది. పాదాలు ఆనించడానికి ఏమీ లేక గాలిలో వేలాడాయి. కొడుకు చొక్కాను రెండు పిడికిళ్ళతో పట్టుకుంది. బండి గేటు దాకా వెళ్ళి ఆగింది. ఆమె జారి దిగింది. "నువ్వు ముందు పో బిడ్డా, నేను ఆటోల వస్త. కొత్త బండి, పైలం" అనడం నాకు వినబడింది.

నేను పరుగున వెళ్ళి అనిల్ భుజం పట్టుకున్నాను. "తమ్మీ, ఇంక నంబర్ పడలే. ఇయ్యాల్నే మార్చుకోవచ్చు. లోపల తక్కువ ఎత్తు బండి ఉన్నది, మీ అవ్వ సక్కగ కూసుంటది."

వాడి ముఖం మాడిపోయింది. "అలవాటైతది సార్" అన్నాడు. కొమురమ్మ కూడా, "అలవాటైతది సారూ, మీరు రంది పడకుండ్రి" అంది. వెనక నుంచి సేటు నన్ను పిలుస్తున్నాడు. కనీసం గార్డు అయినా పెట్టుకోమని బతిమాలితే సరేనన్నాడు. గుట్టలోంచి వెడల్పాటి పట్టీ ఉన్నది వెతికి నేనే బిగించాను. మొదటి సర్వీసింగుకు వచ్చినప్పుడు అది లేదు. దోస్తులు పాలబండి అని వెక్కిరించారట.

వచ్చిన ప్రతిసారీ తల్లి గురించి అడిగేవాణ్ణి. మొదట "బస్సుల వస్తాంది సార్" అన్నాడు. తర్వాత "వారానికి ఒక్కసారే వస్తాంది" అన్నాడు. ఆ తర్వాత, "జర మంచిగనే ఉన్నదంట, పోనంటాంది. చెట్ల మందు తింటాంది" అన్నాడు. వాడి కళ్ళలో అబద్ధం లేదు. నిజంగానే నమ్మాడు.

ఆ ఆదివారం నా పాత బండి మీద వాళ్ళ ఊరు వెళ్ళాను. అనిల్ ఇంట్లో లేడు. కొమురమ్మ మంచంలో కూర్చుని ఉంది, పాదాలు వాచి ఉన్నాయి. దవాఖానకు ఎందుకు రావడం లేదని అడిగాను.

"బస్టాండ్ల ఒకపారి పడ్డ సారూ. అప్పటిసంది భయమైతాంది."

"మరి బండి మీద?"

ఆమె వాకిలి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "వానికి చెప్పద్దు. వాడు చిన్నప్పటిసంది నన్ను ఏదీ అడగలె. తండ్రి లేని పోరడు. గీ బండి ఒక్కటే అడిగిండు. దాని మీద వాడు బజార్ల నుంచి పోతాంటె సూసి నాకు కడుపు నిండుతది. నేను ఎక్కలేనని చెప్పిననుకో, తెల్లారి అమ్మేత్తడు. అమ్ముకున్నంక వాని మొకం నేనెట్ల సూడాలె?"

"ప్రాణం పోతది తల్లీ."

"పోతె పోతది గని, నా కొడుకు మనసు నా చేతుల్తోని ఇరగ్గొట్ట."

చెప్పవద్దంది గానీ నేను ఊరుకోలేదు. మర్నాడే నర్సంపేటలో వాడు పని చేసే చోటికి వెళ్ళి అంతా చెప్పాను. వాడు నా ముందే తల్లికి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు. "అయ్యో, సారుకు ఎవలు చెప్పిండ్రో బిడ్డా! నేను మంచిగున్న. బండి మస్తుగున్నది, నాకే పనితోని తీరుతలేదు" అంటూ ఆమె నవ్వింది. ఫోన్ పెట్టేసి వాడు నా వైపు చూశాడు. ఏ మాట నమ్మితే బండి నిలుస్తుందో ఆ మాటే నమ్మాడు. నేను ఇంకేం చెప్పాలి? ఇద్దరూ ఒకరి మీద ఒకరు ప్రేమతోనే ఉన్నారు. ఆ ప్రేమ మధ్యలోకి బయటివాడు ఎలా వెళ్తాడు?

పత్తి తీతలు మొదలయ్యేసరికి కొమురమ్మ చనిపోయింది.

ఆఖరి బేరం

నేను రిటైరయ్యాక అనిల్ ఒక రోజు హనుమకొండలో మా ఇంటికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. తల్లి పోయాక మంచం కింద ఆమె మందులు దొరికాయట, ఎప్పుడో మానేసినవి. పక్కింటావిడ అంతా చెప్పింది. "మీరు చెప్పింది నిజమే సార్" అన్నాడు. అవునని చెప్పి నేనేం సంపాదించుకోవాలి? బండిని మా వాకిట్లో పెట్టి, అమ్మిపెట్టమన్నాడు. నేను తెలిసినవాళ్ళకు చెప్పాను.

అనిల్ మా ఇంట్లో ఉన్న రోజునే ఒక కుర్రాడు చూడటానికి వచ్చాడు. మంచి ఉత్సాహం మీద ఉన్నాడు. బండి చుట్టూ తిరిగి, ఫోన్‌లో ఫోటోలు తీసుకుని, వెనక సీటు దగ్గర ఆగాడు. షోరూంలో వేసిన ప్లాస్టిక్ కవరు ఇంకా దాని మీద ఉంది. ఎండకు పచ్చబడి, అంచుల్లో చిట్లింది గానీ నడుమ ముడత కూడా పడలేదు.

"కవర్ సుత తియ్యలేదు! ఎనుక ఎవ్వలు కూసోలేదా అన్నా? సూపర్. సింగిల్‌గ నడిపిన బండి" అన్నాడు. పాత బండ్ల బేరంలో అది మెప్పుకోలు. నేనే అలా చెప్పి ఎన్నో బండ్లు అమ్మి ఉంటాను.

అనిల్ సీటు వైపు చూశాడు. "అవు. షోరూం గేటు దాక తప్ప ఎవ్వలు కూసోలే" అన్నాడు.

నేను కుర్రాడిని ఇంట్లో ఎవరున్నారని అడిగాను. అమ్మ ఉందన్నాడు. మోకాళ్ళ నొప్పులట. వాడు అప్పటికే తాళం కోసం చెయ్యి చాపాడు. అనిల్ తాళాన్ని పిడికిట్లో బిగించాడు.

"మీ అమ్మను తోలుకరా తమ్మీ. ఆమె ఎక్కి కూసుంటెనే ఇస్త."

కుర్రాడు నవ్వాడు. అనిల్ నవ్వకపోయేసరికి నా వైపు తిరిగాడు. "ఏందన్నా గిది? బండి నడిపేది నేనా, మా అమ్మనా?"

అనిల్ తాళాన్ని జేబులో వేసుకున్నాడు. ఏం చెప్పినా ఆ కుర్రాడు వినేవాడని నేననుకోను. పిచ్చోళ్ళని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. కొద్ది రోజులకు చౌరస్తాలో కనిపించాడు, ఇంతకంటే ఎత్తు బండి మీద. వెనక ఎవరూ లేరు.

అనిల్ బండి ఇంకా మా వాకిట్లోనే ఉంది. ఆదివారాలు వస్తాడు, స్టార్ట్ చేసి కాసేపు ఉంచి ఆపేస్తాడు, నా భార్య ఇచ్చిన టీ తాగి బస్సుకు వెళ్ళిపోతాడు. ఆ కవరును మాత్రం ఇప్పటిదాకా ఇద్దరం ముట్టుకోలేదు.